దిద్దేవారు లేనప్పుడు

బాలలూ! మేష్టారు సెలవులో ఉన్నారు. మీ కాంపోజిషన్ పుస్తకాలు ఎర్రసిరా పడకుండానే తిరిగి వచ్చాయి. అంతమాత్రాన వాటిలో తప్పులు లేనట్టేనా? కాదు గదా!

కంప్యూటరులోనూ ఇటువంటి చిక్కే వస్తుంది. రాసుకొనేందుకు గ్నూ ఈమాక్స్ అనే ప్రోగ్రాము ఉన్నది. దానిని రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో విడుదల చేశాడు. స్పెల్లింగు తప్పులను అది తానుగా వెతకదు. ఆ పని వేరొక ప్రోగ్రాముకు అప్పగిస్తుంది. ఆ రెండవది మీ కంప్యూటరులో లేకపోతే?

అందుకే ఈమాక్స్ ముందుగా వాకబు చేస్తుంది. ప్రోగ్రాములుండే చోట్లన్నీ వరుసగా గాలిస్తుంది. ఆస్పెల్ ఉన్నదా? లేకపోతే ఐస్పెల్, అదీ లేకపోతే హన్‌స్పెల్. ఏదీ దొరక్కపోతే, తప్పులు దిద్దమన్నప్పుడు, దొరకని ప్రోగ్రాము పేరు చెబుతుంది. మీరు రాసినది మాత్రం చెక్కుచెదరదు. ఇంకా రాసుకోవచ్చు కూడా.

అలా చెప్పక ఊరుకుంటే ఏమవుతుంది? తప్పులు లేవనుకొని మీరు ఆ కాగితం మేష్టారికి ఇచ్చేస్తారు! పని ఆగిపోవటంకంటె ఈ మౌనమే ఎక్కువ చేటు.

బడిలో ఇన్నేళ్ళు పనిచేసి నేను నేర్చుకున్నదీ ఇదే: సాయం అందనప్పుడు ఏది అందలేదో చెప్పాలి, మిగిలిన పని సాగించాలి. దిద్దని పుస్తకాన్ని దిద్దినట్టు ఎన్నడూ ఇవ్వరాదు.