రాత్రి కంచం ముందు

సాయంకాలం ఆరున్నర గంటలు. బడినుంచి మోసుకొచ్చిన పరీక్ష కాగితాల కట్ట బల్లమీద ఇంకా విప్పకుండానే ఉన్నది. వంటింట్లో కుక్కరు మొదటి ఈల వేసింది. వీధిలో ఆట ముగించుకొని వచ్చిన పిల్లవాడు గుమ్మంలోనే నిలబడి ఒకే ఒక ప్రశ్న వేస్తాడు: "అమ్మా, ఇవాళ కూరేమిటి?"

జవాబు చెప్పటానికి తల్లి జంకుతుంది. "ఆనపకాయ" అన్నదా, అంతవరకూ వెలుగుతున్న ముఖం మీద మబ్బు కమ్ముతుంది. "నాకొద్దు" అనే మాట కంచం వేయకముందే వడ్డనకు వస్తుంది. తలిదండ్రులు ఇద్దరూ పనికి వెళ్ళి అలసి వచ్చే ఇండ్లలో ఈ నాటకం వారానికి అయిదు రాత్రులు జరుగుతూనే ఉంటుంది. పాత్రలు మారవు, కూర పేరు మాత్రం మారుతుంది.

నేను బడిపంతులును. యాభైమంది పిల్లలను ఒక్క చూపుతో నిశ్శబ్దంగా కూర్చోబెట్టగలనన్న అతిశయం నాకు లేకపోలేదు. కాని ఒక్క పిల్లవాని చేత నాలుగు ముద్దలు తినిపించే విద్య నాకు ఏ శిక్షణ కళాశాలలోనూ నేర్పలేదు. నేర్పలేదన్న సంగతి కూడా చాలాకాలం వరకు నాకు తెలియలేదు.

మూడేండ్ల క్రిందటి మాట. మావాడు అప్పుడు రెండవ తరగతి. నెలాఖరు రోజులు. చవకగా వచ్చిందని తెచ్చిన ఆనపకాయతో ఇంట్లో కూర వండారు. వాడు ముట్టనన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆ కోపం సగం వాడిమీద, సగం ఆ పూట బడిలో జరిగిన మరేదో వ్యవహారం మీద అని ఇప్పుడు తోస్తున్నది. "కంచం ఖాళీ అయితే గాని లేవటానికి వీల్లేదు" అన్నాను. తొమ్మిదిన్నర దాకా వాడు పీటమీదనే కూర్చున్నాడు. చివరకు కన్నీళ్ళతో కలిపి ఆ అన్నం మింగాడు. వెంటనే పెరట్లోకి పరుగెత్తి అంతా కక్కివేశాడు.

మూలగదిలోనుంచి మా అమ్మ పిలిచింది. "ఏరా, ఎక్కం రానివాణ్ణి నువ్వు బడిలో కొడతావా?" అని అడిగింది.

"లేదమ్మా. కొడితే వచ్చిన ఎక్కం కూడా పోతుంది" అన్నాను.

"మరి అన్నం సంగతేమిటి?" అని, జవాబు కోసం చూడకుండా అటు తిరిగి పడుకున్నది.

ఆ మరునాటినుంచి ఆనపకాయ వాసన తగిలితే చాలు, పిల్లవాడు వంటింటి గడప తొక్కటం మానివేశాడు.

తరువాత రెండు నెలలకు కాబోలు, మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మ నన్ను ఆపి, "మేష్టారండీ, మీ అబ్బాయికి సాంబారులో ఆనపకాయ ముక్కలంటే ఎంత ఇష్టమండీ! రెండోసారి అడిగి మరీ వేయించుకుంటాడు" అన్నది. మావాడూ మా బడిలోనే చదువుతున్నాడు. దేశంలో 1995లో ఆరంభమైన ఈ పథకం క్రింద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుంచి బడిలోనే వండి పెట్టటం మొదలయింది. ఈ భోజనాల వరుసను నేను ఎన్నేండ్లుగానో చూస్తున్నాను. ఆ రోజు మాత్రం స్తంభం చాటున నిలబడి చూశాను. మావాడు తోటివాళ్ళ మధ్య కూర్చుని, సాయంకాలం ఆట సంగతి మాట్లాడుతూ, ఆ ముక్కలను అన్నంలో నలిపి తింటున్నాడు. వాడు ఏం తింటున్నాడో ఎవరూ చూడటం లేదు. వాడూ చూసుకోవటం లేదు.

వాడి పేచీ ఆనపకాయతో కాదు, నాతోనే అని నాకప్పుడు తెలిసింది.

ఈ విషయాన్ని గూర్చి ఇతర దేశాలలో శ్రద్ధగా పరిశీలన చేసినవారున్నారు. రెండేండ్లనుంచి ఆరేండ్ల వరకు పిల్లలు కొత్త రుచిని అనుమానించటం సహజమని వారంటారు. నడక వచ్చిన పిల్ల కనబడిన ఆకునల్లా నోట పెట్టుకోకుండా ప్రకృతి వేసిన కంచె అది. చేదును పిల్లలు ముందుగా తిరస్కరించటం కూడా ఇందులో భాగమే. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు లియాన్ బర్చ్ 1982లో ఒక సహచరురాలితో కలిసి రెండేండ్ల పిల్లలకు కొత్త ఆహారాలు మాటిమాటికీ రుచి చూపింది. కొన్నిటిని 20 మార్లు వరకు చూపింది. ఎక్కువ మార్లు రుచి చూసిన వాటినే పిల్లలు ఎక్కువగా ఇష్టపడ్డారు. మనమో, రెండుమూడు మార్లు వద్దనగానే "వీడికది పడదు" అని తీర్పు చెప్పి ఆ కూరను ఇంటినుంచి బహిష్కరిస్తాము. ఒక పాఠాన్ని రెండుసార్లు చెప్పి, రాలేదని వదలివేసే ఉపాధ్యాయుణ్ణి ఏమంటాము?

అదే దేశంలో క్లారా డేవిస్ అనే వైద్యురాలు 1920లలో పాలు మాన్పించిన పసివాళ్ళ ముందు రకరకాల ఆహారాలు ఉంచి, ఎవరికి కావలసినవి వారినే తిననిచ్చింది. 1939లో ప్రకటించిన వివరాలనుబట్టి, మొత్తం 15 మంది పిల్లలూ చక్కగా పెరిగారు. దీనిని చూచి, పిల్లలకు తోచినదే పెట్టవచ్చునని కొందరు వాదిస్తారు. కాని ఆ పళ్ళెంలో మిఠాయి లేదు, పొట్లాలలో అమ్మే చిరుతిండి లేదు. ఏవి ఉంచాలో నిర్ణయించింది పెద్దలు. ఉంచినవాటిలో ఏది, ఎంత అన్నది పిల్లలు. ఎలిన్ సాటర్ అనే పోషకాహార నిపుణురాలు తరువాతి కాలంలో దీనినే సూత్రంగా చెప్పింది: ఏమి, ఎప్పుడు, ఎక్కడ అన్నవి పెద్దల వంతు; తినటమా మానటమా, ఎంత అన్నవి పిల్లల వంతు. మన భాషలో చెప్పుకోవాలంటే, పాఠ్యక్రమం మనది, నేర్చుకోవటం వాడిది.

ఇక వంటింటి సంగతి. రాత్రి భోజనం చెడటం సాయంకాలం అయిదు గంటలకే మొదలవుతుంది. ఆకలి రుచి ఎరుగదని సామెత. ఆరు గంటలకు బిస్కత్తు పొట్లం విప్పిన పిల్లవానికి ఎనిమిది గంటలకు ఆకలి ఉండదు. ఆకలి లేనివానికి రుచి తప్ప మరేమీ కనబడదు. బడినుంచి రాగానే వేయించిన సెనగలో, పల్లీలూ బెల్లం ముక్కో, అరటిపండో పెట్టి, ఆపైన భోజనం దాకా మంచినీళ్ళు తప్ప మరేమీ ఇవ్వకపోతే సగం పేచీ తీరుతుంది. చిరుతిండ్ల ఖర్చు కూడా తగ్గుతుంది.

త్వరగా అయ్యేది, చవకైనది, పిల్లలు తినేది అయిన వంట ఎక్కడినుంచో తెచ్చుకోవలసిన పని లేదు. గ్లాసు బియ్యానికి అరగ్లాసు పెసరపప్పు, అయిదు గ్లాసుల నీళ్ళు, కాస్త ఉప్పు, పసుపు వేసి కుక్కరు పెడితే అరగంటలో పులగం తయారు. మిరియం పంటికి తగిలితే పిల్లలు ముద్దను పక్కకు నెడతారు. అందుచేత దానిని జీలకర్రతో కలిపి మెత్తగా దంచి నేతిలో వేయించాలి. ఇది పేదల వంట అని చిన్నచూపు చూడరాదు. బియ్యంలో కొరవడిన లైసిన్ పప్పులో ఉన్నది. పప్పులో కొరవడిన మెథియోనిన్ బియ్యంలో ఉన్నది. ధాన్యాన్నీ పప్పునూ కలిపి తినమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు చెప్పేది ఇందుకే. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది.

పెసరట్టుకు పిండి పులియవలసిన అవసరం లేదు. బడికి బయలుదేరే ముందు పెసలు, గుప్పెడు బియ్యం నానబోస్తే, వచ్చిన తరువాత రుబ్బుకోవటమే పని. పచ్చిమిరపకాయ వేయకముందు పిల్లల వంతు పిండి వేరుగా తీసి ఉంచాలి. అటుకులు తడిపి, నిమ్మరసం పిండి, పల్లీలతో పోపు పెడితే పావుగంటలో పులిహోర. తెలంగాణలో పచ్చిపులుసుకు పొయ్యితో దాదాపు పనే లేదు. చింతపండు రసంలో ఉల్లిపాయ తరిగి వేసి, పోపు పెట్టటమే. రాయలసీమ రాగిసంకటి, పల్లీల పచ్చడి మరొక రాత్రికి సరిపోతవి. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. ఎదిగే ఎముకలకు ఇంతకంటె చవకైన సహాయం అరుదు.

మా ఇంట్లో బాగా పనిచేసిన ఉపాయం మరొకటి ఉన్నది. ఒకే వంట, రెండు దారులు. కందిపప్పు ఉడికిన తరువాత అందులో సగం తీసి, ఉప్పు వేసి, ముద్దపప్పుగా ఉంచుతాము. మిగిలిన సగంలో తోటకూర, చింతపండు, కారం వేసి పెద్దలకు పప్పుకూర చేస్తాము. రెండు గిన్నెలూ అందరి మధ్యనే ఉంటవి. పిల్లవాడు ముద్దపప్పు కలుపుకుంటాడు. కాని తోటకూర పప్పు వాడి కళ్ళకూ ముక్కుకూ పరిచయమవుతూనే ఉంటుంది. ఒకనాడు వేలితో నాకి చూస్తాడు. ఆ వేలిని ఎవరూ చూడనట్టు ఉండాలి. "చూశావా, బాగుందిగా!" అన్నామంటే కథ మళ్ళీ మొదటికి వస్తుంది. ఆదివారం చేసి పెట్టుకున్న కందిపొడి, కరివేపాకు పొడి, ఒక గిన్నె పెరుగు ఎప్పుడూ అందుబాటులో ఉంటే ఏ రాత్రీ ఎవరూ పస్తు పడుకోవలసిన అవసరం రాదు. పిల్లవానికోసం మళ్ళీ పొయ్యి వెలిగించవలసిన అవసరమూ రాదు.

పిల్లలకు వంటలో వంతు ఉండాలి. ఆదివారం సంతకు తీసుకుపోయి, కొంత పైకం చేతికిచ్చి, ఒక కూర నీ ఇష్టప్రకారం కొనమంటే వాడు లెక్కలూ నేర్చుకుంటాడు, బేరమూ నేర్చుకుంటాడు. తాను కొన్న బెండకాయలను కాదనటం వాడికే చిన్నతనం. ఆకుకూర గిల్లటం, బఠాణీలు ఒలవటం, నిమ్మకాయ పిండటం ఆరేండ్ల పిల్లలు కూడా చేయగలరు. ఇవి ఆడపిల్లల పనులన్న మాట మన తరంతోనైనా పోవలె.

ఒక్క హెచ్చరిక. పిల్లల పేచీలన్నీ ఒకే రకంవి కావు. బరువు తగ్గుతున్న పిల్లను, మింగటానికి కష్టపడే పిల్లను, వ్రేళ్ళమీద లెక్కపెట్టదగిన రెండు మూడు పదార్థాలు తప్ప మరేవీ ముట్టని పిల్లను వైద్యునికి చూపించాలి. అక్కడ ఉపాయాలు చాలవు.

మావాడి కథ ఎలా ముగిసిందంటారా? ఆ ఏడు శీతాకాలంలో ఇంట్లో మళ్ళీ ఆనపకాయ వండటం మొదలుపెట్టాము. తినమని ఎవరూ అనలేదు. నాలుగయిదు మార్లు వాడు గిన్నెవైపే చూడలేదు. ఒక రాత్రి మజ్జిగ పులుసులోనుంచి ఒక ముక్క తీసుకొని చుట్టూ చూశాడు. మా ఆవిడ నన్ను పరీక్ష కాగితాల సంగతి అడుగుతున్నది; నేను ఎన్నడూ లేనంత శ్రద్ధగా జవాబు చెబుతున్నాను. ముక్క నోట్లోకి వెళ్ళింది.

"బడిలో ముక్కలా లేదమ్మా" అన్నాడు కాసేపటికి.

"ఎలా ఉంటుందిరా అక్కడ?"

"మెత్తగా ఉంటుంది. ఆయమ్మ పప్పుతో కలిపి ఉడకేస్తుంది."

మరునాడు వాడు చెప్పినట్టే వండారు. వాడు పక్కనే నిలబడి ఉపాధ్యాయత్వం వహించాడు. ఇప్పుడు మా ఇంట్లో ఆనపకాయను గూర్చి తగాదా లేదు.

కాకరకాయ మాత్రం వాడు ఈనాటికీ ముట్టడు. నేనూ పదిహేనేండ్లు వచ్చేదాకా ముట్టలేదని మా అమ్మ మొన్ననే బయటపెట్టింది. "మరి నన్నెందుకు కూర్చోబెట్టి తినిపించలేదమ్మా?" అని అడిగాను.

"తింటావని తెలుసు గనుక" అన్నది.