మిసిసిపీ పత్తిచేలు, మన చెరకుతోటలు: ఒక నవలను బోధించే తీరు

మిల్‌డ్రెడ్ టేలర్ రచించిన ‘రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై’ 1976లో వెలువడి, మరుసటి ఏడు న్యూబెరీ పతకం పొందింది. అమెరికా పాఠశాలల్లో నేటికీ పిల్లలచేత చదివించే నవల ఇది. 1933 నాటి మిసిసిపీలో లోగన్ అనే నల్లజాతి కుటుంబం తన 400 ఎకరాలను నిలుపుకోవడానికి పడిన పాట్లను తొమ్మిదేళ్ల కాసీ చెబుతుంది. కోరంగి, మద్రాసు రేవుల నుండి ఒప్పందకూలీలుగా తరలిపోయినవారి సంతతి అయిన మనం దీనిని మన పిల్లలతో ఎలా చదవాలి?

మొదటి అధ్యాయం దగ్గరే నిదానించాలని మా అభిప్రాయం. కాసీ చిన్న తమ్ముడికి బడిలో తొలిసారి పుస్తకం ఇస్తారు. అది మాసి, చిరిగి ఉంటుంది. లోపలి అట్టమీద ఒక పట్టిక: ఏ ఏడు ఎవరికిచ్చారు, అప్పటి స్థితి ఏమిటి, పిల్లవాడి జాతి ఏది. తెల్లపిల్లలు ఏళ్లకేళ్లు వాడి, పూర్తిగా పాడయ్యాకే అది నల్లపిల్లల చేతికి వచ్చిందని ఆ పట్టికే చెబుతుంది. పసివాడు దానిని నేలకేసి తొక్కుతాడు. ఉపాధ్యాయురాలైన తల్లి మేరీ ఆ పట్టికపై కాగితం అంటిస్తుంది. ఆమె సత్యాన్ని దాచిందా, అవమానాన్ని తొలగించిందా? ఈ ప్రశ్నకు ఒక తరగతి కాలమంతా ఇచ్చినా తక్కువే. తరువాత పాఠ్యపుస్తకంలో లేని బానిసత్వ చరిత్ర బోధిస్తుండగా ఆమె ఉద్యోగం పోతుంది.

నవలలో జాతిని కించపరిచే పదం ఉన్నందున కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెబుతుంటారు. దానిని పిల్లలచేత బిగ్గరగా చదివించనక్కరలేదు. కానీ చెరిపివేయడమూ తగదు. అక్కడ ఆ పదమే సాక్ష్యం.

ఇక అప్పు. భూస్వామి గ్రేంజర్ తన వాటాను సగం నుండి 60 శాతానికి పెంచుతాడు. 100 డాలర్ల పత్తి పండితే కౌలుదారుకు మిగిలేది 50 కాదు, 40. అంగడి బాకీ అందులోనే తీర్చాలి. ఈ లెక్క పిల్లలచేతనే వేయించాలి. ఆపైన నేటాల్‌కు రావచ్చు. అక్కడ ఒప్పందం ముగిసినా తిరిగి సంతకం చేయక, స్వదేశానికీ పోక నిలిచినవారిపై 1895 చట్టం ఏటా 3 పౌండ్ల పన్ను విధించింది. అది 1914లో గాని రద్దు కాలేదు.

ఒక్క జాగ్రత్త అవసరం. మన పెద్దలది బానిసత్వం కాదు. వారి ఒప్పందానికి గడువుండేది; బానిసకు పుట్టిన బిడ్డ పుట్టుకతోనే బానిస. పోలిక వెదకవలసింది విడుదల తరువాతి బతుకులో.

ఇంట్లో ముత్తాతల ఒప్పంద పత్రం నకలుంటే ఈ పాఠం నాటికి తెమ్మనాలి. కొందరి వద్ద ఓడ పేరు, కూలీ సంఖ్య తప్ప మరేమీ ఉండదు. అట్టమీది ఆ పట్టిక పక్కన ఉంచి చదవడానికి అదీ చాలు.