జువ్వకు కూడా యోగ్యతాపత్రమా?

దీపావళి నాటి సాయంత్రం. మా కొలిమిగుండ్లలో మా వీధి కుర్రాడొకడు చేతిలో ఇనుప గొట్టంతో మా అరుగెక్కాడు.

"సార్, టపాకాయల్లో మందంతా విప్పి దీంట్లో కూరినా. తారాజువ్వకంటే పైకి పోతాది, చూడండి!" అన్నాడు.

నా గుండె ఝల్లుమన్నది. గొట్టం లాక్కుని నీళ్ల తొట్టిలో పడవేశాను. వాడు మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు.

పండుగకు అమెరికా నుంచి వచ్చిన మా మేనల్లుడు ఇదంతా చూస్తూనే వున్నాడు. "ఆపడం మంచిదే మామా. కాని అంతటితో వూరుకుంటే, రేపు మీకు కనపడకుండా కూరుతాడు" అన్నాడు.

అక్కడ సెలవు రోజుల్లో రాకెట్లు ఎగరవేయడం అతని సరదా. అందుకు పరీక్ష కూడా ప్యాసయ్యాడట! మా అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"జువ్వ కాల్చేదానికి గూడా పరీక్షేందిరా?"

"నాకే కాదవ్వా, మోటారుకు కూడా పరీక్షే!"

ఇక్కడ మోటారంటే చక్రాలు తిప్పే యంత్రం కాదు. మందు దట్టించిన గొట్టం. రాకెట్టును పైకి తోసేది అదే. 1954లో నెబ్రాస్కా రాష్ట్రంలో చెప్పుల దుకాణం నడుపుకొనే ఆర్విల్ కార్లైల్ అనే ఆయన కాగితపు గొట్టంతో, తేలిక చెక్క రెక్కలతో బొమ్మ రాకెట్టు తయారు చేశాడు. ఎగిరిన ప్రతిసారీ మోటారు మాత్రం కొత్తది పెట్టుకోవాలి. 1957లో స్పుత్నిక్ ఎగిరింది. ఇంకేం, పిల్లలు ఇళ్లల్లో గొట్టాలు కూరడం మొదలుపెట్టారు. చేతులు కాల్చుకున్నవారు, వేళ్లు పోగొట్టుకున్నవారు కూడా వున్నారు. ఆ యేడే హారీ స్టైన్ పూనికతో అమెరికాలో జాతీయ రాకెట్రీ సంఘం వెలిసింది. అది పెట్టిన నియమం సులువైనదే: మందు కూరే పని కార్ఖానాది, ఎగరవేసే పని పిల్లలది.

కార్ఖానా మాటను మాత్రం యెవరు నమ్మాలి? అందుకే మోటారుకు పరీక్ష. కొత్త రకం రాగానే కొన్నింటిని బల్లకు బిగించి కాలుస్తారు. యెంత బలంతో తోసింది, యెన్ని క్షణాలు మండింది అన్నవి కొలుస్తారు. 'సి6-5' అని గొట్టం మీద వుంటే, 'సి' దాని మొత్తం శక్తి తరగతి, 6 సగటు తోపు, 5 మందు అయిపోయాక గొడుగు విచ్చుకునేందుకు పట్టే క్షణాలు. ఒక్కొక్క అక్షరం పెరిగితే శక్తి రెట్టింపవుతుంది. చిన్న తరగతులకు మనిషికి పరీక్ష లేదు. 'హెచ్' నుంచి వున్నది. పద్ధెనిమిదేళ్లు నిండినవాడు రాకెట్టును ఎగరవేసి, చెడకుండా దింపి చూపాలి. 'జె' తరగతికి వ్రాత పరీక్ష కూడా వుంటుంది. 'ఎమ్' నుంచి అనుభవజ్ఞుల పర్యవేక్షణ.

"నా డబ్బు, నా రాకెట్టు. ఏ మోటారు వాడాలో చెప్పడానికి మీరెవరు?" అనేవారు అక్కడా వున్నారు. వారి మాటలోనూ న్యాయం లేకపోలేదు. పరీక్ష పేరుతో ఒకే కంపెనీ సరుకు కొనమంటే అది భద్రత కాదు, వ్యాపారం. అందుకే జాతీయ సంఘం, ట్రిపోలి సంఘం, కెనడా సంఘం ఒకరి యోగ్యతాపత్రాన్ని మరొకరు గౌరవిస్తారు. పరీక్షకు నిలిచిన మోటారు ఏ కంపెనీదైనా కొనుక్కోవచ్చు. సొంతంగా మందు కలుపుకోవాలన్న కోరిక జాతీయ సంఘంలో చెల్లదు. ట్రిపోలిలో రెండో మెట్టు ఎక్కినవారికి అందుకు వేరే మైదానాలున్నవి.

ప్రభుత్వంతో కూడా పేచీ వచ్చింది. పెద్ద మోటార్లలోని మందును అక్కడి శాఖ పేలుడు పదార్థాల జాబితాలో చేర్చింది. ఇది పేలదు, మండుతుంది అంటూ రెండు సంఘాలూ 2000లో కోర్టు కెక్కాయి. 2009 మార్చి 16న తీర్పు వారి పక్షానే వచ్చింది. మన శ్రీహరికోట నుంచి లేచే పి.ఎస్.ఎల్.వి. మొదటి అంచెలో వుండేదీ ఆ జాతి మందే!

గనుల వూరివాళ్లం, మనకు ఇది కొత్త కాదు. 1961 నాటి గనుల నిబంధనలు తూటా పేల్చేవాడికి బ్లాస్టరు సర్టిఫికెట్టు వుండాలన్నవి. సర్టిఫికెట్టు వున్నవాడిని చూసి యెవరూ "పాపం, వీడికి స్వేచ్ఛ లేదు" అనుకోరు. నేర్చినవాడనే అంటారు. అయితే నేర్చుకునే దారి వుంటేనే ఆ మాట నిలుస్తుంది. దారి చూపని నిషేధం పిల్లవాణ్ణి చాటుకు తరుముతుంది.

మన దేశంలో మందు తయారీకి, అమ్మకానికి లైసెన్సు కావాలి. అది సబబే. దారి కూడా ఇప్పుడిప్పుడే తెరచుకుంటూన్నది. 2025 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో విద్యార్థులకు మోడల్ రాకెట్ల పోటీ జరిగింది.

మర్నాడు ఆ కుర్రాణ్ణి పిలిపించాను. మా మేనల్లుడూ వాడూ అట్ట గొట్టానికి రెక్కలంటించి, నీళ్లూ గాలీ నింపిన సీసాతో ఎగరవేశారు. అది తాటిచెట్టంత యెత్తు వెళ్లింది.

"సార్, దీని పైమెట్టు ఏంది?" అని అడిగాడు వాడు.

నీళ్ల తొట్టిలో పడవేసిన గొట్టం కంటే ఆ ప్రశ్న నాకు యెక్కువ ధైర్యాన్నిచ్చింది.