కొట్టు గుమాస్తా ధిక్కారము

తిరువూరు వంటి పట్టణములలో పిల్లవాడు కొట్టులో గుమాస్తాగా కుదురుట ఎట్లో మన పాఠకులకు తెలియనిది కాదు. దరఖాస్తు లేదు, నియామకపత్రము లేదు. తండ్రి వెంటబెట్టుకొని వచ్చి, ‘మావాణ్ణి మీ చేతిలో పెట్టుచున్నాను, బాబాయిగారూ’ అని షావుకారుతో ఒక మాట చెప్పిపోవును. నాటినుండి ఆ కుర్రవానిని గల్లాపెట్టెకు కట్టివేయునది జీతము కాదు, ఆ మాట. వాడేనాడైన ఎదురాడెనేని షావుకారుగారు వానితో వాదింపరు; తండ్రికి కబురంపుదురు.

ఇది మన దేశమందలి రివాజు మాత్రమే యని మేమనుకొనియుంటిమి. అమెరికా కథకుడు జాన్ అప్‌డైక్ (1932–2009) వ్రాసిన ‘ఏ అండ్ పీ’ అను చిన్నకథ ఆ భ్రమను పోగొట్టినది. 1961 జూలైలో ‘న్యూయార్కర్’ పత్రికలో వెలువడిన యీ కథ పేరు నిజమైన యొక కిరాణా సంస్థది. 1859లో తేయాకు వ్యాపారముగా మొదలైన ఆ సంస్థ 2015లో మూతపడినది.

బోస్టనుకు ఉత్తరమున ఒక యూరిలోని శాఖలో సామీ యను పందొమ్మిదేండ్లవాడు సరుకులకు వెల కట్టుచుండును. ఒక గురువారము మధ్యాహ్నము ముగ్గురు బాలికలు స్నానపు దుస్తులతో, కాళ్లకు చెప్పులైన లేక లోనికి వచ్చిరి. కొన్నది 49 సెంట్ల చేపముక్కల సీసా ఒకటి. మేనేజరు లెంగెల్, ఆదివారములందు మతబోధ చేయు పెద్దమనిషి, భుజములు కప్పుకొని రావలెనని వారిని అందరి యెదుట మందలించెను. వెంటనే సామీ తాను ఉద్యోగము మానుకొంటినని చెప్పివేసెను. బాలికలు వినిరో లేదో, ఆగలేదు.

రాజీనామా యనగానే మావంటివారికి 1921 స్ఫురించును. సుభాస్ చంద్ర బోసు ఐ. సి. ఎస్. ను, ప్రకాశం పంతులుగారు ఫలించుచున్న వకాల్తును ఆ యేడే త్యజించిరి. వారి వెనుక సిద్ధాంతమున్నది, దేశమున్నది. సామీ వెనుక నేమున్నది? ఒక అందమైన బాలిక, ఆమె మెప్పు. వాని చూపు మర్యాదైనదని మేమనము. కొనవచ్చినవారిని గొర్రెలుగా తలచును, స్త్రీలకు బుద్ధి గలదా యని సందేహించును. కథకుడీ లోపములను దాచలేదు.

ఐనను వాని చేతను తేలికగా తీసివేయలేము. లెంగెల్ బెదిరింపలేదు. తల్లిదండ్రులకిట్టి పని చేయవలదని నెమ్మదిగా చెప్పెను; వారికతడు ఏండ్లనాటి స్నేహితుడు. మన షావుకారు పంపు కబురే యిది! అప్పటికి బాలికలు వెళ్లిపోయిరి. మెచ్చువారు లేరు, మాట వెనుకకు తీసికొన వీలున్నది. సామీ కొట్టువారి ఏప్రాను మడిచి బల్లపై నుంచి, దానిపై టైని వేసెను. ఒంటిమీది తెల్లచొక్కా ముందునాటి రాత్రి తల్లి ఇస్త్రీ చేసినది. ఆ చొక్కాతోనే బయటికి నడచెను. చపలత్వము ధిక్కారమైనది ఇచ్చట. మొదటి మాట యన్నపుడు కాదు.

దుకాణమునకు నియమములుండవద్దా యని వర్తకులడుగవచ్చును. ఉండవలెను. లెంగెల్ నియమమును మనలో పెక్కురు సమర్థింతురు కూడ. సామీ తప్పుపట్టినది నలుగురిలో సిగ్గుపరచుటను. పది చీరలు విప్పించి కొనక లేచిన కూలియామెను మన బజారులో షావుకారు ఈసడించినపుడు, ఆమె పక్షమున నోరెత్తిన గుమాస్తా మరునాడా కొట్టులో నుండునా? షావుకారులే చెప్పవలెను.

ప్రక్క బల్లవద్ద స్టోక్సీ యను మరియొక గుమాస్తా కలడు. ఇరువదిరెండేండ్లవాడు, ఇద్దరు బిడ్డల తండ్రి. అతడు కదలలేదు. అతనిని నిందింప మాకు మనసు రాదు.

బయట సామీకై యెవరును నిలువలేదు. మిఠాయికై మారాము చేయు బిడ్డలపై ఒక తల్లి కేకలు వేయుచుండెను. అద్దములోనుండి చూడగా, తాను విడిచిన చోట లెంగెల్ బిగిసిన వెన్నుతో నిలిచి, వచ్చినవారి సరుకులకు వెల కట్టుచుండెను.