పదకొండవ పేరు

హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలిచినది. ఆ జట్టు ఆటను కన్నులార చూచినవారు నేడు మిక్కిలి అరుదు. వారి మాటలు విని పెరిగిన కుమారులు, మనుమలు మాత్రము దానిని ఇంకను చెప్పుకొనుచునే యున్నారు.

చెప్పుకొను తీరు ఒక్కటే. గోల్‌కీపరుతో ఆరంభించి ఇద్దరు బ్యాకులు, ముగ్గురు హాఫ్‌లు, ఐదుగురు ఫార్వర్డులు అని వ్రేళ్లు మడచుచు లెక్కింతురు. (పదకొండవ వానికి వ్రేలు లేదు, పాపము!) గోలు చేసినవారి పేర్లు పత్రికల కెక్కినవి కనుక తడుముకొనకయే వచ్చును. వ్రేలు ఆగునది హాఫ్‌ల కడనే. "కాదు, ఆ యేడు అతడు లేడు" అని వాదము మొదలగును.

నూర్ మహమ్మదు అట్టి హాఫ్. 1952 హెల్సింకి, 1956 మెల్బోర్ను ఒలింపిక్సు రెండింటను భారతదేశము పక్షమున ఆడినాడు. మెల్బోర్నులో ఆస్ట్రేలియాపై నెవిల్ డిసౌజా చేసిన మూడు గోల్సు నేటికిని పుస్తకములలో నున్నవి. నాలుగవ స్థానము పొందిన ఆ జట్టులోనే నూర్ మహమ్మదు, బ్యాకు అజీజుద్దీన్ ఉన్నారని ఎందరు విద్యార్థు లెరుగుదురు?

వీరి శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసినవాడు. 1963లో మరణించిన ఆయనపై 2024లో చలనచిత్రము వచ్చినది, సంతోషమే. ఆయన శిష్యులలో అనేకుల పేర్లకు మాత్రము ఇప్పటికిని ఆ వ్రేళ్ల లెక్కయే ఆధారము. అదియు ఇంటి కొక విధముగ నున్నది.