ఆటోనగర్ పానాల పెట్టె

బెజవాడలో బందరు రోడ్డు మీద ఆటోనగర్ గేటు దాటి లోపలికి మళ్లితే ముందు చెవిన పడేది సుత్తి దెబ్బ. కమాను కట్టలు విప్పేచోట ఒక మోత, బాడీ షెడ్డులో రేకు సాపు చేసేచోట ఇంకో మోత. చెన్నై-కోల్‌కతా రహదారి, హైదరాబాద్-మచిలీపట్నం రహదారి కలిసే ఊరు కాబట్టి లారీకి బెజవాడ ఎప్పటినుంచో మజిలీ. 1960ల్లో మొదలైన ఈ జవహర్ ఆటోనగర్‌ను ఆసియాలోనే పెద్దదని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ మాట ఎలా ఉన్నా, లారీకి వచ్చే ఏ జబ్బుకైనా ఇక్కడ ఒక షెడ్డు ఉంది. ఒకరు ఇంజను దించుతారు, ఇంకొకరు క్రాంకు గ్రైండింగ్ చేస్తారు, డీజిల్ పంపు మరొకరి చేతికి వెళ్తుంది. రేడియేటరుకు, గేర్ బాక్సుకు, సీట్లకు, పెయింటుకు దేనికది వేరు. తర్వాత గుంటూరు, విశాఖ, నెల్లూరు, హైదరాబాద్ లాంటి చోట్లా ఆటోనగర్లు వచ్చాయి.

ఇంత పనీ చివరికి ఆధారపడేది చేతి పనిముట్ల మీద. ఏ షెడ్డులో పని ఎలా ఉంటుందో తెలియాలంటే గోడ మీది బోర్డు చూడనక్కర్లేదు. కింద నేల మీద తెరిచి ఉన్న పానాల పెట్టె చూస్తే చాలు. పానాలు తుడిచి, వరస తప్పకుండా సర్దిపెట్టి ఉన్నచోట బండి అప్పగించవచ్చు. నోళ్లు విచ్చుకున్న పానాలు, తల చితికిన చీజళ్లు, కొన విరిగిన స్క్రూడ్రైవర్లు గ్రీజులో కలగాపులగంగా పడి ఉంటే, ఆ చేతుల్లో మన బండి బోల్టులూ అలాగే అవుతాయి.

పాత మేస్త్రీల పెట్టెలో మూడు కుటుంబాల పానాలు కనిపిస్తాయి. దానికి కారణం మన రోడ్ల మీద తిరిగిన బండ్లే. టాటాలు 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టారు. ఆ పొత్తు 1969 దాకా సాగింది. జర్మనీ బండి కాబట్టి నట్లన్నీ మిల్లీమీటర్ల లెక్క. 1955లో అశోక్ లేలాండ్‌గా పేరు మారిన మద్రాసు కంపెనీది ఇంగ్లండు వరస, అక్కడ అంగుళాల లెక్క. అంబాసిడర్ కారు కూడా ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిందే. అంగుళాల్లోనూ మళ్లీ రెండు రకాలు. ఒకదానిలో పానా మీది అంకె నట్టు వెడల్పును చెబుతుంది. విట్‌వర్త్ రకంలో అదే అంకె బోల్టు కాడ మందాన్ని చెబుతుంది. తెలియనివాడు అర అంగుళం అని చదివి తెస్తే, అది నట్టు మీద గలగలా తిరుగుతుంది.

ఈ తేడాలు చిన్నవిగా కనిపిస్తాయి. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు, అక్కడ 19 పానాతో పని జరిగిపోతుంది. అర అంగుళం 12.7 మిల్లీమీటర్లు. దాని మీద 13 పానా కూర్చుంటుంది, కానీ 0.3 మిల్లీమీటరు సందు మిగులుతుంది. వెంట్రుకలు మూడో నాలుగో పట్టే ఆ సందులోనే అనర్థమంతా ఉంది.

ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలంటే, ఇంజను మీద డీజిల్ పైపును ఇంజెక్టరుకు బిగించే నట్టు చూడండి. చాలా బండ్లకు అది 17 సైజు. పైపు నట్టు మధ్యలోంచి పోతుంది కాబట్టి మామూలు రింగు పానా ఎక్కదు. పని తొందరలో నోరు తెరిచిన డి-పానా పెట్టి లాగితే, ఆరు ముఖాల నట్టులో రెండు ముఖాల మీదే బరువంతా పడుతుంది. పానా నోరు కాస్త అరిగినదైతే, లాగే కొద్దీ దవడలు తెరుచుకుంటాయి. అప్పుడు పట్టు ముఖం మీంచి జారి మూల మీదికి వస్తుంది. మొదటి జారుడుకు మూల మెరుస్తుంది. రెండోసారి ఆ మెరుపు చోట ఇనుము చిన్న రేకులా లేస్తుంది. మూడోసారికి మూల ఉండదు. ఇక ప్లేయరు, చీజలు, వెల్డింగు అంటూ పని అరగంట నుంచి అరపూటకు సాగుతుంది. పైపు దూరేందుకు ఒక పక్క కోత పెట్టిన రింగు పానా ఒకటి ఉంది. అది నట్టును దాదాపు చుట్టూ పట్టుకుంటుంది. డీజిల్, బ్రేకు పైపులు ముట్టుకునే ప్రతివాడి దగ్గర ఈ పానా ఉండాలి. పెట్టెలో లేనిదీ ఎక్కువగా ఇదే.

కొనేటప్పుడు

మన దుకాణాల్లో దొరికే పనిముట్లలో చాలా భాగం నాసిక్, జలంధర్, లూథియానా నుంచి వచ్చేవే. స్వీడన్ సాంకేతిక సాయంతో మొదలైన టపారియా నాసిక్‌దే. డి-పానాల సెట్టు అంటే సాధారణంగా 12. అది 6-7తో మొదలై 30-32తో ముగుస్తుంది. పని నేర్చుకునే కుర్రాడు మొదటి జీతంతో వంద వస్తువుల ప్లాస్టిక్ పెట్టె కొనడం నాకు నచ్చదు. అందులో సగం ఎప్పటికీ బయటికి రావు, రోజూ తీసే నాలుగూ నాసిరకంగా ఉంటాయి. జపాన్ వరస కార్లకు 10, 12, 14, 17 ఎక్కువ పడతాయి. యూరప్ వరసకు 10, 13, 16, 18. ముందు ఏ బండ్ల మీద పని చేస్తున్నాడో చూసుకుని ఆ సైజులు మంచివి కొనాలి. మిగతావి అవసరం పడ్డప్పుడు ఒక్కొక్కటే చేరతాయి.

తళతళ చూసి కొనకూడదు. మెరుపు పైపూతది, బలం లోపలి ఉక్కుది. క్రోమ్ వనేడియం అని అచ్చు ఉందా, డి-పానా మీద భారత ప్రమాణం 2028, రింగు పానా మీద 2029 ప్రస్తావన ఉందా చూడాలి. ఆపైన దుకాణంలోనే కొత్త బోల్టు ఒకటి అడిగి పానా తొడిగి చూడాలి. అటూ ఇటూ ఆడిస్తే ఆట ఎంతుందో చేతికి తెలిసిపోతుంది. పూత లేచే రకమైతే ఆ పెచ్చు బ్లేడులా చేతిని కోస్తుంది.

రింగు, బాక్స్ పానాల్లో పన్నెండు మూలలవి, ఆరు మూలలవి ఉంటాయి. పన్నెండు మూలలది ఇరుకులో సుఖం, 30 డిగ్రీలు తిప్పితే మళ్లీ తొడుక్కుంటుంది. తుప్పు పట్టిన బోల్టుకు మాత్రం ఆరు మూలలదే పెట్టాలి. అది మూలను వదిలి ముఖాన్ని నొక్కుతుంది. రాచెట్టులో 72 పళ్లుంటే 5 డిగ్రీలకో అడుగు, 24 పళ్లుంటే 15 డిగ్రీలకు. పళ్లెక్కువైతే చోటు తక్కువైనా తిరుగుతుంది. అయితే బిగుసుకుపోయిన నట్టును మొదట కదిలించడానికి రాచెట్టు వాడకూడదు, అది టామీ రాడ్డు పని. గాలి గన్నుకు తెల్లటి క్రోమ్ బాక్సులు తొడిగే టైరు దుకాణాలను చూస్తే భయమేస్తుంది. ఆ దెబ్బలకు అవి పగిలి ముక్కలు ఎగురుతాయి. గన్నుకు నల్లటి మందపు బాక్సులే వాడాలి.

పొద్దుగూకాక

పని అయ్యాక వేస్టు గుడ్డ మీద కాస్త కిరోసిన్ పోసి పానాలన్నీ తుడిచి, సన్నగా నూనె పొర రాసి పెట్టెలో పెట్టడానికి ఎంతోసేపు పట్టదు. తుడుస్తూ లెక్క పెడితే ఏ పానా ఇంజను మీదే మరిచిపోయారో అప్పుడే తెలుస్తుంది. రాచెట్టులో చిక్కటి గ్రీజు నింపితే లోపలి కొక్కెం పళ్లలో సరిగా పడక జారుతుంది. దానికి రెండు చుక్కల పల్చటి నూనె చాలు.

బెజవాడ ఎండలకు సుత్తి పిడి ఎండి కుంచించుకుపోతుంది, తల వదులవుతుంది. చాలామంది రాత్రంతా నీళ్లలో పడేస్తారు. పొద్దున్నకు బిగిసినట్టే ఉంటుంది. ఆరాక మునుపటికంటే వదులవుతుంది. మేకు కొట్టి బిగించాలి, లేదా పిడి మార్చాలి. చీజలు వెనక తల పుట్టగొడుగులా విచ్చుకుంటే ఆ అంచు ఎప్పుడో ఒకరోజు ఎగిరి కంట్లో పడుతుంది, ముందే గ్రైండరు పట్టాలి. ముందు కొనకు సాన పెట్టేటప్పుడు మాటిమాటికీ నీళ్లలో ముంచాలి. కొన నీలం రంగుకు తిరిగిందంటే పదును నిలిచే గుణం పోయినట్టే. ఆకురాళ్లను ఒకదాని మీద ఒకటి పడేస్తే పళ్లు పళ్లను తినేస్తాయి.

ఏటా దసరాకు ఇంద్రకీలాద్రి కింద ఊరంతా అమ్మవారి సంబరంలో ఉంటే, ఆటోనగర్‌లో పానాలకు స్నానం. పెట్టె బోర్లించి, అడుగున పేరుకున్న గ్రీజు గీకి, ఒక్కో పానా కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కోస్తారు. ఆరోజు కళ్లకద్దుకున్న పానాను రేపు సుత్తికి బదులుగా వాడకుండా ఉంటే, అమ్మవారికి అంతకు మించిన పూజ లేదని నేను నమ్ముతాను.

కొలిచి బిగించడం

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లు వచ్చాక పెట్టె మారుతోంది. ఆరు కోణాల నక్షత్రం తలల బోల్టులు పెరిగాయి. సిలిండర్ హెడ్డు బోల్టులను ముందు ఇంత బలంతో బిగించి, ఆపైన ఇన్ని డిగ్రీలు తిప్పమని చాలా కంపెనీల పుస్తకాలు చెబుతాయి. టార్క్ రెంచీ లేకుండా ఆ పని జరగదు. అయినా చాలా షెడ్లలో అది కనబడదు. ఉన్నచోట దాన్ని బోల్టు విప్పడానికీ వాడి పాడుచేస్తారు. పని అయ్యాక స్ప్రింగును అట్టడుగు అంకెకు తిప్పి పెట్టాలి, ఏడాదికోసారి లేదా ఐదు వేల బిగింపులకోసారి సరిచూపించాలి.

లారీ చక్రాల దగ్గర ఈ కొలత ప్రాణాలతో ముడిపడిన విషయం. భారీ లారీ చక్రం నట్టుకు చాలా చోట్ల 600 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగింపు చెబుతారు. 70 కిలోల మనిషి మీటరు రాడ్డు కొసన నిలబడితే దాదాపు 690. అదే రాడ్డుకు పైపు తొడిగి మీటరున్నర చేస్తే వెయ్యి దాటుతుంది. ఆ బలానికి స్టడ్డు లోపల సాగిపోతుంది, బయటికి ఏమీ కనబడదు. ఏ రాత్రో రోడ్డు మీద విరుగుతుంది. తక్కువ బిగించినా అంతే, నట్లు వదులై చక్రం ఊడుతుంది.

ప్రతి షెడ్డుకూ పెద్ద టార్క్ రెంచీ కొనే స్తోమత లేదంటే నిజమే. వీధికొకటి సంఘం తరఫున ఉంచి, సరిచూపిస్తూ, అద్దెకు ఇవ్వవచ్చు. ఆటోనగర్ పెద్దలు ఈ పనికి పూనుకోవాలి. బండి యజమానులూ, డ్రైవర్లూ చేయగలిగింది ఒకటుంది. కారైనా లారీ అయినా చక్రం విప్పి బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు బండి ఆపి నట్లు మరోసారి కొలిచి బిగింపించుకోండి. ఎంత బిగించాలో మీ బండి పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పేజీ తీసి మేస్త్రి గారి చేతికివ్వండి.