తవుడు పశువునకు, తెలుపు మనకు

గోదావరి, కృష్ణా డెల్టాలలో పండిన ధాన్యము మరలో పడి బియ్యమై వెలువడునప్పుడు అది మల్లెపూవువలె నుండవలెనని కొనువాడు కోరుచున్నాడు. మిల్లుదారు ఆ కోరిక తీర్చుచున్నాడు. గింజపై నున్న పొర తవుడై వేరు గోతమునకు చేరి, అచటినుండి పశువునకో, నూనె తీయు కర్మాగారమునకో పోవుచున్నది. ఇంటికి వచ్చిన బియ్యమును ఇల్లాలు మూడు నాలుగు మారులు కడిగి, ఆ నీటిని కుడితిగోలెములో పోయును. అన్నము వార్చిన గంజియు నచటికే చేరును. ఆ యింట అందరికంటె మంచి భోజనము చేయుచున్నది గేదె యని మేమనినచో చదువరులు నవ్వవచ్చును. నవ్వుటకు ముందు ఈ లెక్క చూడుడు.

పిండిపదార్థమును శక్తిగా మార్చుకొనుటకు శరీరమునకు థయమిన్ అను విటమిను కావలెను. దీనినే బి-1 అందురు. పెద్దవానికి దినమునకు ఒక మిల్లీగ్రామునకు పైగా అవసరము. అన్నమెంత ఎక్కువ తినిన దీని యక్కర అంత పెరుగును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికను బట్టి, నూరు గ్రాముల ముడిబియ్యములో ఇది ఇంచుమించు 0.27 మిల్లీగ్రాములు, ఉప్పుడు బియ్యములో 0.17; మరపట్టిన పచ్చిబియ్యములో 0.05 మాత్రమే. దినమునకు అర కిలో తెల్లబియ్యము తిను కూలివానికి దానివలన లభించునది పావు మిల్లీగ్రాము. అదియు కడుగుటకు, వార్చుటకు ముందటి మాట! పట్టణములలో కుక్కరు వచ్చిన పిదప గంజి వార్చుట తగ్గినది, అంతవరకు మేలే.

ఇది ఆంధ్రులకు క్రొత్త సంగతి గాదు, మరచిపోయిన సంగతి. ఉత్తర సర్కారులు ఒకప్పుడు బెరిబెరి వ్యాధికి పేరుమోసిన సీమ. 1835లోనే మాల్కంసన్ అను వైద్యుడు మద్రాసులో ఆ వ్యాధిని గూర్చి గ్రంథము ప్రకటించెను. కాళ్లు తిమ్మిరెక్కి, ఒడలు నీరు పట్టి, గుండె బలము తప్పి రోగి కూలిపోవును. కారణ మెవరికిని తెలియలేదు. 1890ల దశకమున జావాలో ఐక్మన్ అను డచ్చి వైద్యుడు, తెల్లబియ్యపు టన్నము మేసిన కోళ్లకు కాళ్లు పడిపోవుటయు, పొర తీయని బియ్యము పెట్టగనే అవి తేరుకొనుటయు గమనించెను. 1929లో ఆయనకు నోబెలు బహుమానములో భాగము లభించెను. తవుడులోని ఆ పదార్థమును 1936లో రసాయనశాలలో నిర్మించిన రాబర్టు విలియమ్సు పుట్టినయూరు మన నెల్లూరు! మిషనరీ దంపతులకు 1886లో అచట జన్మించినాడు. మొలగొలుకులకు ప్రసిద్ధి కెక్కిన ఊరిలో పుట్టినవాడే బియ్యము పోగొట్టుకొన్న సారమును పట్టి యిచ్చుట వింత గదా. ఇక 1918లో మెక్కారిసన్ కూనూరున ఒకే గదిలో ఆరంభించిన బెరిబెరి విచారణ శాఖయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, పైన చెప్పిన జాతీయ సంస్థ యైనది.

1934లో వార్ధా కేంద్రముగా అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘము నెలకొల్పిన కాలమున గాంధీ మహాత్ముడు దంపుడు బియ్యమును గూర్చి వ్రాయగా, ఇది మర నెదిరించు మరియొక పట్టుదల యని పెదవి విరిచిన విద్యావంతులు లేకపోలేదు. నిజమునకు అందులో సగము రసాయనశాస్త్రమే.

మమ్ము కలత పెట్టునది కూలివాని మాట యొక్కటియే కాదు, బాలింత మాట. పెక్కు ఇండ్లలో ప్రసవమైన పిమ్మట పథ్యమను పేర ఆమెకు పెట్టునది తెల్లని యన్నము, కారప్పొడి, చారు. పప్పు పెట్టిన బిడ్డకు కడుపునొప్పి. ఆకుకూర పెట్టిన విరేచనములు. నీరు త్రాగిన నెమ్ము! ఈ మాట లెవరు చెప్పిరో తెలియదు గాని పెద్దల పేర చెల్లుచున్నవి. తల్లి తిండిలో థయమిన్ లేనినాడు పాలలోను ఉండదు. పాలు తప్ప వేరెరుగని శిశువు నెలల లోపుననే, ఒక్కొక్కప్పుడు గంటలలో, గుండె యాగి పోవును. సర్కారులలో శిశుమరణములకు ఇదియొక కారణమై యుండెనని కూనూరు పరిశోధకులు 1940ల తొలినాళ్లలోనే వ్రాసిరి. అది గతించిన కథ యనుకొనరాదు. ఈ శతాబ్దిలో కాశ్మీరమున తెల్లబియ్యము తిని, ఇట్టి పథ్యమే చేసిన తల్లుల బిడ్డలకు ఈ లోపము కలుగగా, థయమిన్ సూదిమందుతో వారిలో పలువురు తేరుకొనిరని వైద్యులు ప్రకటించిరి. మన యాడువారి స్థితియు చెప్పుకొనదగినది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 58.8, తెలంగాణమున 57.6.

తెల్లబియ్యము మానలేనివారికి త్రోవ లేకపోలేదు. కందిపప్పు, పెసలు, సెనగలు, వేరుసెనగ థయమిన్‌ను మాంసకృత్తులను గూడ నిచ్చును. అన్నములో కొరవడిన లైసిన్ పప్పులో గలదు, పప్పులో కొరవడినది అన్నములో గలదు. ఇనుమునకు ఆకుకూర, దానిపై నిమ్మరసము. భోజనము వెంటనే కాఫీ, టీలు త్రాగకుండిన మరింత మేలు. ఉప్పుడు బియ్యమును వాసన యనియు, బీదవారి కూడనియు ఈసడించువారు ఒక్క విషయ మెరుగవలెను. ధాన్యమును నానబెట్టి ఆవిరిపట్టునప్పుడు పొరలోని విటమిను కొంత గింజలోనికి దిగును; అటుపై మర దానిని పూర్తిగా గీకివేయజాలదు. ఉప్పుడు బియ్యము తిను సీమలలో బెరిబెరి అరుదగుటకు కారణ మిదియే.

ఇక భూస్వాములైన మా చదువరులకు ఒక మాట. తిండిగింజలకై ధాన్యము మరకు పంపునప్పుడు ఒక పాలిషు తగ్గింపుమని చెప్పుట మీ చేతిలోనున్న పని. తవుడులోని నూనె వలన అట్టి బియ్యము త్వరగా ముక్కవాసన కొట్టును, పురుగు పట్టును. కావున ఏడాదికి సరిపడునంత ఒక్కసారి ఆడింపక, ధాన్యము గాదెలోనే యుంచి నెలకొకమారు కావలసినంత ఆడించుకొనవలెను. ఆ తొలి మూటలో కొంత, పురిటింట నున్న కోడలికి పప్పుతో గూడ వండి పెట్టుడు.